జిడ్డు

మార్చి 4

నా ముఖం గురించి ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ మాట్లాడకూడదని ఈ రోజు రూలు పెట్టాను. ఇంట్లో నేను కాక ఉన్నది అన్నయ్య ఒక్కడే. వాడికి పుట్టుకతోనే వినపడదు, మాట్లాడేది చేతులతో. అందుకని రూలు చేతులకు కూడా వర్తిస్తుందని చెప్పాను. వాడు బుద్ధిగా తలూపి, మరుక్షణం నా నుదుటి మీద కొత్తగా లేచినదాన్ని వేలెత్తి చూపించాడు.

ఈ మొటిమలు పదమూడో ఏట వచ్చాయి. ఇరవై ఆరు దాటినా పోలేదు. అద్దెకున్నవాళ్లు కూడా ఇన్నాళ్లు ఒకే ఇంట్లో ఉండరు. వయసు దాటితే అవే పోతాయని చెప్పినవాళ్లంతా ఆ వయసేదో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

నా ఉద్యోగం చూస్తే ముఖంతోనే. సాయంత్రం వార్తల్లో తెర కింద మూలన ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో వినపడనివాళ్ల కోసం సైగల్లో వార్తలు చెప్పేది నేను. స్టూడియో లైట్ల కింద అరగంట కూర్చుంటే నా ముక్కు మీది జిడ్డుతో దీపం వెలిగించుకోవచ్చు. ఈ రోజు ప్రొడ్యూసర్ బయటకు వచ్చి, "చూడమ్మా, లైటు పడితే నీ మొహం మెరిసిపోతోంది. కాస్త చూసుకో," అన్నాడు. చూసుకుంటూనే ఉన్నాను సార్, రోజుకు ఇరవైసార్లు చూసుకుంటున్నాను. ఈ మాట ఆయనతో అనలేదు. ఇక్కడ అంటున్నాను.

మార్చి 6

అమ్మ ఫోన్. నిమ్మకాయ రాయమంది. రాశాను. మండింది. మండితే పనిచేస్తున్నట్టేనట. పక్కింటావిడ టూత్‌పేస్ట్ రాయమంది. అదీ రాశాను. ఇప్పుడు మొటిమ అలాగే ఉంది, చుట్టూ తోలు ఊడుతోంది. సబ్బుతో ముఖం అయిదోసారి కడిగాను. ఆరోసారి కూడా కడుగుతాను, ఎవరు ఆపుతారో చూస్తాను.

మార్చి 7

మేకప్ అక్క ఒక ట్యూబు చేతిలో పెట్టింది. "రాత్రిపూట రాసుకో తల్లీ. వారంలో గాజులా అయిపోతుంది. నేను రాసుకునేదీ ఇదే," అంది. అక్కరలేదని చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ రోజూ నా గడ్డం పట్టుకుని, చంటిపిల్లకు పూసినట్టు పౌడరు పూసే మనిషి. వద్దనలేకపోయాను. మొహమాటం అన్న మాటలో మొహం ఉండనే ఉంది. నా మొహమాటానికి కూడా మందు ఏదైనా ఉంటే బాగుండు.

మార్చి 15

గాజు.

నిజంగా గాజే. చెంపల మీద వేలు పెడితే జారిపోతోంది. ప్రొడ్యూసర్ మానిటర్ వైపు చూసి, "ఇప్పుడు బాగుంది," అన్నాడు. అమ్మకు వీడియో కాల్ చేశాను. నిమ్మకాయ వల్లేనంది. సరే, అలాగే అనుకోనీ.

ఏప్రిల్ 2

బాగుంది.

ఏప్రిల్ 20

ట్యూబు మళ్లీ అయిపోయింది. మందుల షాపాయన చీటీ అడగలేదు, ఎందుకనీ అడగలేదు, చాక్లెట్ ఇచ్చినట్టు ఇచ్చాడు. అంత సులువుగా ఇస్తున్నాడంటే ప్రమాదం ఏమీ ఉండదనేగా.

చెంపలు కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఎండ వల్ల.

ఏప్రిల్ 27

ఎండ వల్లే.

మే 5

నిన్న రాత్రి రాసుకోవడం మరిచిపోయాను. పొద్దున లేచేసరికి ముఖమంతా చురచుర. అంటే మందు మానకూడదన్నమాట. అంత పనిచేస్తోందన్నమాట. చెంప మీద సన్నగా నూగు కూడా వచ్చింది. అన్నయ్య దగ్గరకు వచ్చి చూసి, నీకూ గడ్డం వస్తోంది, ఇద్దరం ఒకే బ్లేడు వాడుకుందాం అన్నాడు. రూలు గుర్తుచేశాను.

మే 12

ఈ రోజు జరిగింది రాయకపోతే నిద్రపట్టదు.

అన్నయ్య పనిచేసేది ఫర్నిచర్ షాపులో, చెక్కకు పాలిష్ పెట్టే పని. ఆ పాలిష్ వల్ల చేతుల మీద దద్దుర్లు వచ్చాయి, చర్మం డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను, మధ్యలో చెప్పడానికి నువ్వు రావాలన్నాడు. వెళ్లాను. లోపల డాక్టరమ్మ, బల్ల, బల్ల మీద పెద్ద భూతద్దం. వాడు కూర్చుని, చేతులు చూపించకుండా సైగలు మొదలుపెట్టాడు. మధ్యలో చెప్పేవాళ్లకు ఒక్కటే నియమం: ఎదుటివాళ్లు ఏమంటే అది చెప్పాలి. కలపకూడదు, మింగకూడదు. నా నోటితో నేనే చెప్పాను.

"పేషెంటును నేను కాదు. ఇదిగో, మాట్లాడుతున్న ఈ అమ్మాయి."

డాక్టరమ్మ ముందు వాడి వైపు, తర్వాత నా వైపు చూసింది. కడుపు మండిపోయింది. ఆ మంటంతా చేతుల్లో చూపించి వాడిని తిట్టాను. వాడు ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని చదివి, "ఎన్నాళ్లుగా రాస్తున్నావు?" అంది.

"రెండు వారాలు," అన్నాను.

అన్నయ్య నా పెదాలు చదువుతాడు. చేతులు కదిపాడు. డాక్టరమ్మ, "ఏమంటున్నారు?" అంది. ఏం చెయ్యను, నియమం నియమమే.

"ఇది అబద్ధం చెబుతోంది, మార్చి నుంచి రాస్తోంది అంటున్నాడండీ."

ఆవిడ నవ్వలేదు. దానికి మాత్రం రుణపడి ఉంటాను. "ఇది మొటిమల మందు కాదమ్మా," అంది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపునూ వాపునూ నొక్కిపెడుతుంది, అంతే. నొక్కినంతసేపు అంతా బాగున్నట్టుంటుంది. లోపల మాత్రం చర్మం పలచబడిపోతుంది. ఆ ఎర్ర గీతలు, ఆ నూగు, ఎండ వల్ల వచ్చినవి కావు."

ఎండ సంగతి ఆవిడకు నేను చెప్పనే లేదు.

"జిడ్డు ఎక్కువండీ నాకు. రోజుకు ఆరుసార్లు కడుగుతాను."

"జిడ్డు మురికి కాదు. చర్మం తన కోసం తను చేసుకునే నూనె. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. మొటిమ పుట్టేది రంధ్రం లోపల. పైన ఎంత తోమినా దానికి తెలియదు, చర్మం మాత్రం గీరుకుపోతుంది. రెండుసార్లు కడుగు, మెత్తటి దానితో. తర్వాత మాయిశ్చరైజర్."

"జిడ్డు మొహానికి కూడానా?"

"జిడ్డు మొహానికి కూడా. నూనె వేరు, తేమ వేరు. నిమ్మకాయ, టూత్‌పేస్ట్ వంటింట్లో, బాత్‌రూంలో ఉండనీ. గిల్లకు."

ట్యూబు ఆపేయమంది. ఆపితే కొన్ని వారాలు విపరీతంగా రేగుతుందట. ఎర్రబడుతుంది, మండుతుంది, ఇదివరకటి కంటే ఎక్కువ మొటిమలు లేస్తాయి. అప్పుడు భయపడి మళ్లీ రాస్తే కథ మొదటికి వస్తుందంది. ముందు చర్మం కుదుటపడాలి, మొటిమల అసలు మందు ఆ తర్వాత మెల్లగా, అదీ ఫలితం చూపించడానికి నెలలు పడుతుందట. "నెలల్లో వచ్చింది వారంలో పోదమ్మా," అంది.

కొన్ని వారాలు. రోజూ సాయంత్రం కెమెరా ముందు కూర్చునే మనిషికి ఆ మాట ఎంత తేలిగ్గా చెప్పింది. తిరిగి వస్తుంటే అన్నయ్యతో మాట్లాడలేదు, అంటే చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

మే 13

ట్యూబు చెత్తబుట్టలో పారేశాను.

మే 14

తీశాను. చెత్తబుట్ట శుభ్రంగానే ఉంది, మూత కూడా బిగించే ఉంది. గడ్డం కింద మాత్రమే, చుక్కంత.

మే 15

చుక్క కాదు. ఎవరికి చెబుతున్నాను అబద్ధం, ఇది నా డైరీ.

మే 16

సింక్‌లోకి మొత్తం పిండేశాను. చివరి దాకా, ట్యూబు చుట్టలు చుట్టి మరీ పిండాను. ఇప్పుడు సింకు ముఖం గాజులా ఉంటుంది.

మే 20

రేగింది.

చెంపలు, నుదురు, గడ్డం, ఏదీ వదల్లేదు. నీళ్లు తగిలితే మంట, దిండు తగిలితే మంట. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి భయపడటం లేదు. భయపడటం లేదని రాస్తున్నాను. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "అయ్యో, ఏం తిన్నావే?" అంది. తినడానికీ దీనికీ సంబంధం లేదమ్మా అంటే, "చదువుకున్నదానివి, నీకే తెలుసు," అని మూతి ముడిచింది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కన్నీళ్లు కూడా మండాయి.

మే 22

మేకప్ అక్క నన్ను చూసి చేతిలో పఫ్ కింద పెట్టేసింది. "నా వల్లే కదా?" అంది. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆవిడ కూడా ఆపాలని మాత్రం చెప్పాను. తన చెంప ఒకసారి తడిమి చూసుకుంది.

తర్వాత పొర మీద పొర వేసింది. కింద తోలు లేస్తోంది, పైన పూత నిలవదు. "మొహం కదపకు తల్లీ, నుదురు అసలే కదపకు, పగిలిపోతుంది," అంది. కదపలేదు. అరగంటసేపు గోడలా కూర్చున్నాను. ప్రొడ్యూసర్ ఏమీ అనలేదు. గట్టెక్కాను.

మే 23

మళ్లీ గట్టెక్కాను. వర్షాలు మొదలయ్యాయి. వార్తలన్నీ వర్షాలే.

మే 24

గట్టెక్కడం కాదు, ముంచాను.

అన్నయ్య ఇంటికి వచ్చేసరికి నిలువునా తడిసి ఉన్నాడు. వాడూ, వాడితోపాటు ఇంకా ముగ్గురూ నది దాటడానికి ఊరు చుట్టూ తిరిగి, కొంత నడిచి, కొంత ఏదో లారీ ఎక్కి వచ్చారట. ఎందుకన్నాను. వంతెన మూసేశారు కదా, నిన్న నువ్వే చెప్పావు అన్నాడు.

నేను చెప్పింది, వాన తగ్గకపోతే వంతెన మూస్తారని.

వాడు సోఫా మీద కూర్చుని, నీళ్లు కారుతున్న చేతులతో నా వార్తను మళ్లీ చేసి చూపించాడు. చేతులు సరిగ్గానే ఉన్నాయి. ముఖంలో ఏమీ లేదు. మా భాషలో "ఒకవేళ" అనేది చేతుల్లో ఉండదు, కనుబొమ్మల్లో ఉంటుంది. ఎత్తితే ఒకవేళ. ఎత్తకపోతే జరిగిపోయిన సంగతి. ప్రశ్న కూడా అక్కడే, అనుమానం కూడా అక్కడే. నేను పూత పగలకుండా నుదురు దాచుకున్నాను. వాన తగ్గలేదు, వంతెన మూశారు. ఊళ్లో వినపడనివాళ్లందరికీ నేను ఇచ్చిన వార్త ఇదీ.

"నీ చేతులు మాట్లాడుతున్నాయి, నువ్వు లేవు," అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ముఖం బాగా కనపడాలని ముఖం లేకుండా చేసుకున్నాను. రేపు ఆ వంతెన కూలిపోవచ్చేమో అన్న వార్త వస్తే? దాన్నీ గోడలా కూర్చునే చెబుదునా?

మే 25

ఆదివారం వినపడనివాళ్ల క్లబ్బు ఉంటుంది. రెండు గదులు, క్యారం బోర్డు, ఎప్పుడూ వెలిగే ట్యూబులైట్లు. అందరి ముందూ నిలబడి తప్పయిందని చెప్పాను. పూత వేసుకోకుండా వెళ్లాను, ఇంక దాచేది ఏముంది. వాళ్లు ఏమాత్రం మొహమాటపడరు. తిట్టారు. ఒకావిడ అయితే లేచి వచ్చి మరీ తిట్టింది. ఆవిడ ఆ రోజు ఆసుపత్రికి వెళ్లాల్సింది మానేసిందట. అవన్నీ పడ్డాను.

అప్పుడు చెప్పాను, ముఖం ఇలా అయింది, ఎవరికీ కనపడకూడదని కదపలేదు అని.

క్లబ్బు పెద్దాయన ఎంతకీ అర్థంకానట్టు చూశాడు. "ఇలా అయింది అంటావేమిటి? నీకు ఎప్పుడూ ఉన్నవేగా. నీ పేరే అది," అన్నాడు.

నా సైగ పేరు: చూపుడువేలి కొసను చెంపకు ఆనించి కొంచెం తిప్పడం. పదమూడేళ్లప్పుడు అన్నయ్య వెంట ఇక్కడికి మొదటిసారి వచ్చిన రోజున పెట్టారు. నవ్వితే నాకు చెంపన సొట్ట పడుతుంది. ఇన్నేళ్లూ నా పేరు సొట్టబుగ్గ అనుకున్నాను. కాలేజీలో స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"సొట్ట ఎడమ చెంపన కదా, పేరు కుడి చెంపన," అన్నాడు పెద్దాయన.

కుడిచేతి వాటం కాబట్టి కుడి చెంపన పెడుతున్నారనుకున్నాను. గది గదంతా నవ్వింది. అన్నయ్య నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. సగం జీవితం మొటిమ అనే పేరుతో తిరిగాను, పిలిచిన ప్రతిసారీ సంతోషంగా పలికాను.

పేరు మార్చమన్నాను. మార్చరట. పేరు పెట్టుకునేది మనం కాదట. బట్టతలాయన ఉన్నాడు, ఆయన పేరు బట్టతలే. కుంటుతూ నడిచే ఆవిడ పేరు కుంటికాలే. ఎవరూ ఏడవడం లేదు, క్యారమ్స్ ఆడుతున్నారు. ఇంటికి వచ్చాక కోపం తెచ్చుకుందామని చూశాను. సగంలో నవ్వొచ్చింది. బాగుంది సంబడం, నా మొహం.

మే 27

ప్రొడ్యూసర్ గదిలోకి పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడు, అదే ఒళ్లు మండేది.

"నిన్ను తీసెయ్యాలని కాదమ్మా. రెండు మార్గాలున్నాయి. నీ మొహం తగ్గేదాకా కొత్తమ్మాయి కూర్చుంటుంది. లేదంటే నీ పెట్టెను సగం చేస్తాం. చిన్నగా ఉంటే ఏమీ కనపడవు."

కొత్తమ్మాయి ఆరు నెలల కోర్సు చేసింది. గాజు లాంటి ముఖం, దాని మీద ఎప్పుడూ ఒకే చిరునవ్వు. చావు వార్తకీ అదే, పెళ్లి వార్తకీ అదే. ఆ పిల్లను అనడం లేదు, ఇంకా నేర్చుకుంటోంది. కానీ వాన తగ్గకపోతే అన్న వాక్యం వానలు మొదలైనప్పటి నుంచి రోజూ వస్తోంది.

ఒకసారి కూర్చున్నాక ఇక లేవకూడదనుకున్నాను. "సార్, పెట్టె ఇప్పటికే స్టాంపు బిళ్లంత ఉంది. సగం చేస్తే వేళ్లు కనపడవు," అన్నాను.

"మొటిమలు కూడా కనపడవు కదా."

"పెద్దది చెయ్యండి."

ఆయన విననట్టు, "ఏమిటీ?" అన్నాడు.

"తెరలో నాలుగో వంతు కావాలి. పూత లేకుండా కూర్చుంటాను. నా కనుబొమ్మలు కనపడక మొన్న మనుషులు వానలో ఊరు చుట్టూ తిరిగారు. మీరు నా మొహం దాచాలని చూస్తున్నారు, వాళ్లు చదివేది దాన్నే."

వంతెన సంగతంతా చెప్పాను, నా తప్పుతో సహా. కాదన్నాడు. మళ్లీ చెప్పాను. ఫోన్ వస్తే మాట్లాడాడు, నేను కదల్లేదు. టీ తెప్పించుకున్నాడు, నాకు ఇవ్వలేదు, అయినా కదల్లేదు. చివరికి, "ఏం జిడ్డమ్మా నువ్వు," అన్నాడు.

"అవును సార్, డాక్టరు కూడా అదే చెప్పింది."

ఆయనకు అర్థంకాలేదు. సోమవారం ఒక్క రోజు చూస్తానన్నాడు. జనం నుంచి ఫోన్లు వస్తే మంగళవారం నుంచి పెట్టె సగం, అందులో కొత్తమ్మాయి. దానికి ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది.

మే 30

మంట కొంచెం తక్కువ. రెండుసార్లు కడుగుతున్నాను, మాయిశ్చరైజర్ రాస్తున్నాను, గిల్లడం లేదు. ఒకటి గిల్లాను.

జూన్ 1

అద్దం ముందు కూర్చుని నుదురు ఆడించాను. లాగుతోంది, నొప్పిగా ఉంది, ఆడుతోంది. అన్నయ్య ఎదురుగా కూర్చుని, ఒకవేళ, అయిపోయింది, నిజమా, అబద్ధమా అని అడుగుతూ పోయాడు, నేను చేస్తూ పోయాను. "ఇప్పుడు నువ్వు వచ్చావు," అన్నాడు. రేపు పోతే ఉద్యోగం పోతుంది. నుదురు మాత్రం దాచను.

జూన్ 2

మేకప్ అక్క పఫ్ పక్కన పెట్టి, జిడ్డును కాగితంతో అద్ది వదిలేసింది. "ఇంతేనా?" అంది. ఇంతేనన్నాను. ఆవిడ చెంపలు కూడా ఎర్రగా మండుతున్నాయి, ఆవిడా ఆపేసిందన్నమాట.

పెట్టె పెద్దది. మానిటర్‌లో నా ముఖం నాకే భయం వేసేంత ఉంది. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మొదటి వార్త వంతెనదే. వాన ఈ రాత్రికి తగ్గకపోతే, పొద్దున బండ్లు ఆపేస్తారా లేదా అన్నది అధికారులు తేలుస్తారు. కనుబొమ్మలు ఎత్తాను, మంట నెత్తికెక్కింది, ఇంకా పైకి ఎత్తాను. బుగ్గలు పూరించి పెద్ద వాన చూపించాను. చెంప మీద ఒకటి చిట్లినట్టుంది. తుడుచుకోలేదు, వార్త అయ్యేదాకా చేతులు నావి కావు.

అయ్యాక ఫోను చూస్తే అన్నయ్య వీడియో. క్లబ్బులో అందరూ టీవీ ముందున్నారు. పెద్దాయన చెబుతున్నాడు: మొటిమలు బాగా కనపడ్డాయి, ప్రశ్నలు కూడా బాగా కనపడ్డాయి, రేపు ముదురు రంగు చొక్కా వేసుకో, ఈ రంగులో వేళ్లు కలిసిపోతున్నాయి. అంతే. మెచ్చుకోలు ఒక్క ముక్క లేదు. దాన్ని మూడుసార్లు చూశాను.

అమ్మ ఫోన్ చేసింది. "అంత పెద్దగా చూపించాలా వాళ్లు?" అంది. నేనే అడిగానమ్మా అన్నాను. టీవీ గొంతు తగ్గించింది. తర్వాత, "నువ్వు చెప్పేది నాకూ కొంచెం అర్థమైనట్టుందే," అంది. వాడిని కని ఇన్నేళ్లయినా సైగలు నేర్చుకోలేకపోయానని బాధపడే మనిషి.

బయటకు వస్తుంటే ప్రొడ్యూసర్ ఎదురయ్యాడు. "చెప్పానా? ఫోన్ వచ్చింది," అన్నాడు. "భోజనం చేస్తుంటే ఆ మొహం చూడలేకపోతున్నామన్నాడు ఒకాయన. కాబట్టి రేపటి నుంచి పెట్టె..."

"ఫోన్ చేసి మాట్లాడాడా సార్?"

"ఆ, చాలాసేపు మాట్లాడాడు."

"అయితే ఆయనకు వినపడుతుందిగా. ఆ పెట్టె ఆయన కోసం కాదు."

ఆయన నా వైపు చూశాడు. మొదటిసారి మొటిమల్ని కాదు, నన్ను చూశాడు. "రేపు తొందరగా రా, లైటు సరిచేయాలి," అని వెళ్లిపోయాడు. పెట్టె ఎంతుంటుందని నేను అడగలేదు. తగ్గిస్తే మళ్లీ వెళ్లి ఆ గదిలో కూర్చుంటాను, ఈసారి టీ నేనే తీసుకెళతాను.

గడ్డం మీద కొత్తది ఒకటి లేస్తోంది. లేవనీ.